ఆ 17 సిస్టమ్‌ల సంగతి, ఇకపై మా లోడింగ్ సంగతి

మా దగ్గర పాత కంప్యూటర్ సిస్టమ్‌లు బాగుచేయించుకున్న అందరికీ,

ముందు అసలు విషయం. పోయిన దీపావళి తర్వాత నుంచి ఈ ఏప్రిల్ దాకా మా షాపుకి వచ్చిన విండోస్ 98 సిస్టమ్‌లలో ఒక పాత వైరస్ ఉండొచ్చు. అది ఎక్కడి నుంచో రాలేదు, మా సీడీలోంచే వచ్చింది. రిజిస్టర్ తిరగేస్తే అలాంటివి 17 తేలాయి. 11 మందికి ఫోన్ చేసి చెప్పాను. ఆరుగురి నంబర్లు మారిపోయాయి. ఇది ముఖ్యంగా ఆ ఆరుగురి కోసం రాస్తున్నాను. ఎలాగూ కూర్చున్నాను కాబట్టి, మా పనిలో ఏమేం మార్చామో కూడా చెబుతాను.

మా గురించి తెలియనివాళ్లకు రెండు ముక్కలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో మాది చిన్న షాపు. ‘ఇది స్క్రాప్‌కి వేసేయండి సార్’ అని అందరూ తిప్పి పంపే 386 నుంచి పెంటియం 4 దాకా పాత సిస్టమ్‌లన్నీ మేం తీసుకుంటాం. వచ్చేవాళ్లలో శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ వాళ్లు ఉన్నారు. ధర్మకాంటాకో రైస్ మిల్లు లెక్కలకో విండోస్‌కి ముందుకాలపు డాస్ మీద ఎప్పుడో రాయించుకున్న ప్రోగ్రామ్‌ని వదల్లేనివాళ్లు ఉన్నారు. ఇంకొందరు చిన్నప్పుడు చెప్పులు బయట విడిచి స్కూల్ కంప్యూటర్ ల్యాబ్‌లో డేవ్ ఆడినవాళ్లు. ఇప్పుడు గచ్చిబౌలిలోనో డల్లాస్‌లోనో ఉద్యోగం, ఆ గేమ్ మళ్లీ ఆ డబ్బా మానిటర్ మీదే ఆడాలని కోరిక.

ఎవరొచ్చినా మేం చేసే పని ‘ఫుల్ లోడింగ్’. ఓఎస్ (విండోస్ లాంటి మూల సాఫ్ట్‌వేర్) వేయడం, ఒక్కో భాగాన్ని పనిచేయించే డ్రైవర్లు వేయడం, ఆపైన మా యుటిలిటీస్ సీడీ పెట్టి అందులో ఉన్నవన్నీ కొట్టేయడం. పాటల ప్లేయర్లు, జిప్ ప్రోగ్రామ్‌లు, స్క్రీన్ సేవర్లు, ఏవేవో డిక్షనరీలు. కస్టమర్‌కి డెస్క్‌టాప్ నిండుగా కనబడితే మేం బాగా పని చేసినట్టు. ఆ సీడీ ఎప్పుడో 2000 ప్రాంతంలో బర్న్ చేసింది. దీపావళికి షాపు సర్దుతుంటే ఓ డబ్బాలో దొరికింది. గీతలు లేవు, చక్కగా చదువుతోంది. సంతోషపడి వాడటం మొదలుపెట్టాను.

ఫిబ్రవరిలో జనగామ వైపు నుంచి ఓ అక్క తన సిస్టమ్ తెచ్చింది. పెంటియం ఎంఎంఎక్స్, 4.3 జీబీ హార్డ్ డిస్క్, కార్డులు డిజైన్ చేసే పేజ్‌మేకర్, అను తెలుగు ఫాంట్లు. పాతికేళ్లుగా ఆ చుట్టుపక్కల ఊళ్ల పెళ్లి కార్డులన్నీ అందులోనే ఉన్నాయి. స్లో అయిందని, ఆన్ చేసినప్పుడల్లా ఎఫ్1 నొక్కాల్సి వస్తోందని చెప్పింది. ఎఫ్1 అడుగుతోందంటే మదర్‌బోర్డు మీది బ్యాటరీ చచ్చిపోయిందని. కొత్త సెల్ వేశాను, తేదీ సరిచేశాను, దుమ్ము దులిపాను. అడగకపోయినా ఆ సీడీలోవి నాలుగైదు వేసి ఇచ్చాను.

ఏప్రిల్ 26 పొద్దున ఫోన్. ‘తమ్ముడూ, ఫ్యాన్ తిరుగుతోంది, స్క్రీన్ వస్తలేదు.’

ఆ తేదీ వినగానే కడుపులో దేవినట్టయింది. 1999లో నేను ఇదే పార్క్‌లేన్‌లో వేరే షాపులో హెల్పర్‌ని. ఆ ఏడాది ఏప్రిల్ 26 తర్వాత వారం పాటు మాకు అన్నం తినే తీరిక లేదు. సీఐహెచ్ అనే వైరస్, తైవాన్‌లో ఓ కాలేజీ కుర్రాడు రాసింది. 1986లో చెర్నోబిల్ ప్రమాదం జరిగిందీ అదే తేదీన కాబట్టి జనం దాన్ని చెర్నోబిల్ వైరస్ అన్నారు. విండోస్ 95, 98లలో ప్రోగ్రామ్ ఫైళ్ల మధ్య ఖాళీగా ఉండే జాగాల్లో ముక్కలు ముక్కలుగా దూరుతుంది. ఫైల్ సైజు ఒక్క బైటు కూడా పెరగదు. ఏడాదంతా కిక్కురుమనదు. ఆ రోజు రాగానే హార్డ్ డిస్క్ మొదటి 1 ఎంబీ మీద సున్నాలు రాస్తుంది, తర్వాత ఆన్ చేయగానే సిస్టమ్‌ని లేపే బయోస్ చిప్‌ని, మదర్‌బోర్డు మీద ఉండేదాన్ని, చెరపడానికి చూస్తుంది. బయోస్ పోతే సిస్టమ్‌కి తనెవరో తనకే తెలియదు. ఇంటెల్ 430టీఎక్స్ చిప్‌సెట్ బోర్డులకు ఆ దెబ్బ తగులుతుంది. అక్కది ఆ బోర్డే.

నన్ను ఎక్కువ బాధపెట్టింది వేరే సంగతి. బ్యాటరీ చచ్చి ఉన్నంతకాలం ఆ సిస్టమ్ తేదీ ఆన్ చేసినప్పుడల్లా 1980 జనవరి 1కి పోయేది. రాత్రికి ఆపేస్తే మర్నాడు మళ్లీ జనవరి 1. అందులో వైరస్ ఉన్నా ఏప్రిల్ 26 దాకా వచ్చేదే కాదు. వైరస్ పెట్టిందీ నేనే, క్యాలెండర్ నడిపించిందీ నేనే.

సీడీని ఇప్పటి సిస్టమ్‌లో పెట్టి స్కాన్ చేస్తే మూడు ఫైళ్లలో సీఐహెచ్ దొరికింది. అక్క సిస్టమ్ మా దగ్గరికి రాకముందు శుభ్రంగా ఉందా అంటే రుజువు లేదు, ఎందుకంటే ముట్టుకునే ముందు నేను కాపీ తీయలేదు. సీడీలో ఉంది కాబట్టి తప్పు మాదే అనుకుని పని చేశాం.

బయోస్ చిప్ బోర్డుకి అతికించి కాకుండా, ఊడదీసే వీలున్న సాకెట్‌లో ఉండటం మా అదృష్టం. చిప్ పీకి, బోర్డు నంబర్ పట్టుకుని సరైన బయోస్ ఫైల్ వెతికి, చిప్‌ల మీద రాసే ప్రోగ్రామర్ అనే పరికరంలో పెట్టి మళ్లీ రాశాం. డిస్క్ విషయంలో, ఫైళ్లను సర్దిపెట్టే ఫ్యాట్32 పద్ధతి కాపాడింది. ఏ ఫైలు డిస్క్ మీద ఎక్కడెక్కడ ఉందో చెప్పే పట్టికను విండోస్ రెండు ప్రతులుగా ఉంచుతుంది. ఆ సైజు డిస్క్‌లో ఒక్కో ప్రతి సుమారు 4 ఎంబీ. వైరస్ కొట్టింది మొదటి 1 ఎంబీయే కాబట్టి రెండో ప్రతి చెక్కుచెదరలేదు. దాన్నుంచి మొదటిది తిరిగి కట్టాం, ఫైళ్లు వచ్చాయి. అదే పాత ఫ్యాట్16 డిస్క్ అయితే రెండు ప్రతులూ ఆ 1 ఎంబీలోనే ఉంటాయి, పోతే రెండూ కలిసే పోతాయి. ఇంతా చేసి తొమ్మిది రోజులు పట్టింది. ముహూర్తాల సీజన్‌లో తొమ్మిది రోజులు. అక్క కార్డులు వేరే షాపుకి ఇచ్చేసుకుంది. నన్ను ఒక్క మాట అనలేదు. డబ్బులు వాపసిచ్చాను, ఆ సీజన్‌ని ఇవ్వలేను కదా.

అందుకే మే నుంచి ఫుల్ లోడింగ్ మానేశాం.

ఇప్పుడు ఏ సిస్టమ్ వచ్చినా ముందు ఆన్ చేయం. హార్డ్ డిస్క్ విప్పి మా లినక్స్ సిస్టమ్‌కి తగిలించి, డీడీరెస్క్యూ అనే ఉచిత ప్రోగ్రామ్‌తో మొదటి సెక్టార్ నుంచి చివరి దాకా ఉన్నదున్నట్టు ఒక ఫైల్‌గా (దీన్నే ఇమేజ్ అంటాం) తీస్తాం. డిస్క్ ఎక్కడైనా పాడై ఉంటే ఆ ప్రోగ్రామ్ మొండిగా అక్కడే కూర్చోదు. బాగున్నదంతా ముందు తీసుకుని, తర్వాత పాడైన చోటికి తిరిగొస్తుంది. ముసలి డిస్క్‌లు ఏ నిమిషాన ఆగిపోతాయో చెప్పలేం కాబట్టి ఆ క్రమం చాలా ముఖ్యం. ఆ ఇమేజ్‌ని అక్కడే స్కాన్ చేస్తాం. ఒక కాపీ మీ పెన్‌డ్రైవ్‌లో, ఒకటి మా దగ్గర ఆరు నెలలు. దీనికి విడిగా చార్జ్ లేదు. సర్వీస్ చార్జ్ మాత్రం 1500 నుంచి 2000 చేశాం, ఒకటి రెండు రోజులు ఆలస్యం కూడా అవుతుంది. డిస్క్ మరీ చప్పుడు చేస్తుంటే దాని బదులు సీఎఫ్ అనే మెమరీ కార్డు పెట్టుకునే అడాప్టర్ వేసుకోమని చెబుతాం.

ఇక ఏం వేస్తాం? మీ పనికి కావాల్సినవే. విండోస్ 98 అయితే సెకండ్ ఎడిషన్. ముందు చిప్‌సెట్ (మదర్‌బోర్డు ముఖ్య చిప్‌ల) డ్రైవర్లు, తర్వాత డిస్‌ప్లే, ఆ తర్వాత సౌండ్. ఈ వరస తప్పితే, పరికరాల జాబితా చూపే డివైస్ మేనేజర్ నిండా ‘పనిచేయడం లేదు’ అనే పసుపు గుర్తులే. పెన్‌డ్రైవ్‌లను 98 తనంతట తాను గుర్తుపట్టదు కాబట్టి దానికి ఎన్‌యూఎస్‌బీ ప్యాక్. ఫైళ్లు విప్పడానికి 7-జిప్ 9.20. అంతే. డాస్ సిస్టమ్ అయితే ఇంకా తక్కువ: మెమరీ చూసుకునే హైమెమ్, సీడీ డ్రైవర్, మౌస్‌కి క్యూట్‌మౌస్. క్యూట్‌మౌస్ మామూలు మౌస్ డ్రైవర్ కన్నా చాలా తక్కువ మెమరీ తింటుంది. 640 కేబీ మెమరీలోనే బతకాల్సిన, ఫాక్స్‌ప్రోలో రాసిన లెక్కల ప్రోగ్రామ్‌కి ఆ నాలుగు కేబీలు కూడా లెక్కే.

ర్యామ్ గురించి గచ్చిబౌలి తమ్ముళ్లకు ఓ మాట. ‘అన్నా, 1 జీబీ వేసెయ్’ అంటారు. విండోస్ 98కి 512 ఎంబీ దాటితే వరం కాస్తా శాపమవుతుంది. ఫైళ్లను చేతికందేలా దాచుకునే క్యాషే మెమరీ చిరునామాలన్నీ ఆక్రమించి, అంత మెమరీ ఉండగా ‘విండోస్ మొదలుపెట్టడానికి మెమరీ చాలదు’ అని చెబుతుంది. సిస్టమ్.ఐఎన్ఐ అనే సెట్టింగ్స్ ఫైల్‌లో మ్యాక్స్‌ఫైల్‌క్యాష్ అనే లైన్ రాసి కట్టడి చేయొచ్చు గానీ, నా సలహా 256 చాలని. ఆ రోజుల్లో అంత ఉన్నవాడే జమీందారు.

వేగం సంగతీ అంతే. మిర్యాలగూడ వైపు ఓ మిల్లు వాళ్ల 486 బోర్డు కాలిపోతే, ప్రోగ్రామ్‌ని పెంటియం 3లోకి మార్చాం. తెరవగానే ‘రన్‌టైమ్ ఎర్రర్ 200’. డిస్క్ పాడైందని, కాపీ సరిగా రాలేదని రెండు రోజులు తల బద్దలు కొట్టుకున్నాను. అసలు కారణం ప్రోగ్రామ్‌లోనే ఉంది. టర్బో పాస్కల్ అనే పాత భాషలో రాసిన చాలా ప్రోగ్రామ్‌లు మొదలయ్యేటప్పుడు సిస్టమ్ వేగం కొలుస్తాయి: గడియారం ఒక్కసారి కొట్టుకునే 55 మిల్లీసెకన్లలో ఒక లూప్ ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టి, దాన్ని 55తో భాగిస్తాయి. జవాబు 65,535 దాటితే పెట్టుకోవడానికి జాగా లేదు, ప్రోగ్రామ్ చచ్చిపోతుంది. రాసినవాడి తప్పని అనలేం, ఇంత వేగం వస్తుందని ఎవరనుకున్నారు? దీనికి చిన్న ప్యాచ్ ఉంది. ఒరిజినల్‌ని ముట్టుకోకుండా కాపీకి వేసి ఇచ్చాం. ఇప్పుడు బిల్లులు ఆ పాత డాట్ మ్యాట్రిక్స్ మీదే గరగరమంటూ వస్తున్నాయి.

డీటీపీ వాళ్లకు కొంచెం పెద్దగా చెప్పాలి, ఎందుకంటే మీ సరుకు పోతే మళ్లీ రాదు. అను ఫాంట్లతో కొట్టిన తెలుగు, ఇప్పుడు అన్ని సిస్టమ్‌లూ గుర్తుపట్టే యూనికోడ్ కాదు. ఫైల్ లోపల ఉన్నవి ఇంగ్లిష్ అక్షరాల కోడ్‌లు, వాటికి తెలుగు బొమ్మలు తొడిగింది ఫాంట్. ఫాంట్ లేని సిస్టమ్‌లో తెరిస్తే వధూవరుల పేర్ల చోట పిచ్చి గీతలు కనబడతాయి. అసలు విండోస్‌లో తెలుగు యూనికోడ్ వచ్చిందే ఎక్స్‌పీతో, గౌతమి ఫాంట్ రూపంలో. కాబట్టి ‘ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించుకున్నాను’ అంటే సరిపోదు. ఫాంట్ల ఫోల్డర్, కీబోర్డ్ సాఫ్ట్‌వేర్, మీకు అలవాటైన లేఅవుట్ ఏదో రాసుకున్న చీటీ, అన్నీ ఒకచోట ఉండాలి. పేజ్‌మేకర్ స్థానంలో వచ్చిన ఇన్‌డిజైన్‌లో, ఆ ఫైళ్లను నేరుగా తెరిచే ఆఖరి వెర్షన్ సీఎస్6. ఆ తర్వాతవి తెరవవు. అందుకే డీటీపీ సిస్టమ్ వస్తే మేం పీడీఎఫ్ చేయడానికి కావాల్సిన పోస్ట్‌స్క్రిప్ట్ ప్రింటర్ డ్రైవర్, డిస్టిలర్ ప్రోగ్రామ్ ఉన్నాయో లేదో తప్పకుండా చూస్తున్నాం. ముఖ్యమైనవన్నీ ఫాంట్లు లోపలే ఉండేలా పీడీఎఫ్ చేసుకోండి. అక్క దగ్గర ఇప్పుడు ఆరు వందల పైచిలుకు కార్డులు అలా అయ్యాయి, మిగతావి తీరిక దొరికినప్పుడు చేస్తోంది.

ఇంకో ఒప్పుకోలు. ఇన్నాళ్లూ ఎవరి సీడీ, ఎవరి కీ అని చూడకుండా ఏది అడిగితే అది వేశాం. ఈ మార్కెట్‌లో అది రహస్యమేం కాదు. ఇకపై వేయం. విండోస్ 98కి మైక్రోసాఫ్ట్ 2006 జూలై 11న సపోర్ట్ ఆపేసింది గానీ ఉచితం చేయలేదు. మీ సీడీ, క్యాబినెట్ మీది లైసెన్స్ స్టిక్కర్ తెండి. లేకపోతే, డాస్‌తో పని నడిచేవాళ్లకు ఫ్రీడాస్ వేస్తాం. అది నిజంగానే ఉచితం, 1994 నుంచి ఉంది, ఇప్పటికీ కొత్త వెర్షన్లు వస్తున్నాయి. బిల్లింగ్ ప్రోగ్రామ్‌లు చాలావరకు దాని మీద తేడా లేకుండా నడుస్తున్నాయి. ఈ మాటతో కొంతమంది పక్క షాపుకి వెళ్లిపోయారు. వెళ్తారని తెలుసు.

ఇంటర్నెట్ మాత్రం ఇప్పించమని అడగొద్దు. ఆ కాలపు బ్రౌజర్లకు ఇప్పటి సైట్ల తాళాలు తీయడం రాదు, ఆ ఓఎస్‌కి తన తలుపులు వేసుకోవడం రాదు.

ఇక ఆ ఆరుగురికి. మీ బిల్లు మీద తేదీ నవంబర్ నుంచి ఏప్రిల్ మధ్య ఉండి, అందులో విండోస్ 98 ఉంటే సిస్టమ్ తీసుకురండి. ఇమేజ్ తీసి, శుభ్రం చేసి ఇస్తాం, పైసా అక్కర్లేదు, రానూపోనూ ఆటో చార్జీలు మావి. బోర్డు మీద బయోస్ రాతను అడ్డుకునే జంపర్ (చిన్న స్విచ్ లాంటి పిన్) ఉంటే అదీ పెడతాం. డాస్ సిస్టమ్‌లకు, ఎక్స్‌పీ ఉన్నవాటికి ఈ వైరస్‌తో భయం లేదు. ఏప్రిల్ 26న ఆన్ చేసినా బాగానే ఉంది కదా అని ఊరుకోకండి. ఆ రోజు సోకిన ఫైల్ ఏదీ తెరవకపోయి ఉండొచ్చు. మాకు తెచ్చేలోగా ఆ సిస్టమ్‌లోంచి ప్రోగ్రామ్ ఫైళ్లు వేరే 98 సిస్టమ్‌కి కాపీ చేయకండి. పేజ్‌మేకర్ ఫైళ్లు, ఫొటోలు తీసుకోవచ్చు.

ఫోన్ చేసినవాళ్లలో ఒకాయన, ‘తేదీని ఏప్రిల్ 26కి మార్చి చూడనా, ఉందో లేదో తేలిపోతుంది కదా’ అన్నారు. దయచేసి ఆ పని చేయకండి.