1847 అన్నది తయారీ సంవత్సరం కాదండీ: స్పూన్ల సెట్టుపై ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. మీ కస్టమర్ కేర్‌లో మాట్లాడిన తెలుగబ్బాయి వివరంగా తెలుగులోనే రాసి పంపమన్నాడు కాబట్టి ఇలా రాస్తున్నాను.

పోయిన నెల మీ దగ్గర ఆరు పాత టీ స్పూన్ల సెట్టు కొన్నాను. "బోస్టన్ కాయిన్ సిల్వర్, 1847, వెండి 99.9 శాతం" అని పెట్టారు. వెనక ముద్ర కనిపించే ఫొటో ఒక్క స్పూనుదే ఉంది. మిగతావి అడక్కుండా డబ్బు కట్టడం నా తొందరపాటే, ఒప్పుకుంటాను.

భూతద్దం పెట్టి చూస్తే నాలుగింటి మీద 'జోన్స్, బాల్ అండ్ పూర్', 'బోస్టన్', 'ప్యూర్ కాయిన్' అని ఉంది. వీటితో నాకు పేచీ లేదు. ఒకదాని అంచున పంటిగాట్లు కూడా ఉన్నాయి, ఏ పసివాడు కొరికాడో! జోన్స్, బాల్ అండ్ పూర్ అన్నది బోస్టన్‌లోని ఒక నగల దుకాణం. భాగస్వాములు మారినప్పుడల్లా ఆ దుకాణం పేరు మారింది, చివరికి ష్రీవ్, క్రంప్ అండ్ లో అయింది. అందుకే ముద్రలోని పేరును బట్టే ఇవి 1850కి కాస్త అటూ ఇటూ చేసినవని చెప్పొచ్చు. అయితే వాళ్లు నగల వర్తకులు. చేయించి అమ్మిన సరుకు మీద కూడా దుకాణం పేరు కొట్టడం అప్పట్లో మామూలే. మీరు ఆ దుకాణాన్నే "తయారీదారు" అని అంత గట్టిగా రాయకుండా ఉండాల్సింది.

99.9 మాత్రం తప్పు. 'ప్యూర్ కాయిన్' అంటే మేలిమి వెండి కాదు, నాణేలకు వాడే వెండి. 1837 తర్వాత ఆ కాలపు అమెరికా వెండి నాణెంలో వెయ్యికి 900 పాళ్లే వెండి, మిగతాది రాగి. స్టెర్లింగ్ అనే రకం వెండిలో ఉండే 925 పాళ్ల కన్నా అది తక్కువే. మా నాయనమ్మ పాత రూపాయలు కరిగించి కుంకుమ భరిణె చేయించుకుంది. దాన్ని కూడా మా ఇంట్లో ఎవరూ మేలిమి అనలేదు.

అసలు గొడవ మిగతా రెండింటితో. వాటి మీద '1847 రోజర్స్ బ్రదర్స్ ఏ1' అని ఉంది. "1847 అని ముద్రే ఉంది కదండీ, ఇంకా అనుమానమేంటి?" అన్నాడు మీ కస్టమర్ కేర్ అబ్బాయి. మర్యాదగానే అన్నాడు పాపం. కానీ అది బ్రాండ్ పేరులో భాగం. అమెరికాలో కనెక్టికట్ రాష్ట్రంలోని హార్ట్‌ఫర్డ్‌లో రోజర్స్ సోదరులు కరెంటుతో వెండి పూత వేసే పని మొదలుపెట్టిన ఏడాది అది. తర్వాత వందేళ్లు దాటినా పూత సరుకు మీద అదే అంకె కొడుతూ వచ్చారు. ఏ1 అన్నది పూత గ్రేడు. నిజంగా కాయిన్ సిల్వర్ అయితే పూత గ్రేడుతో పనేముంది? పైగా బల్లకు ఆనే చోట పూత అరిగి, లోపలి లోహం లేత పసుపుగా కనిపిస్తోంది. మా ఊరి కంసాలికైతే గీటురాయి మీద ఒక్క గీత చాలు.

ఇంగ్లండ్‌లోలాగా వెండిని పరీక్షించి ముద్ర వేసే చట్టబద్ధమైన పద్ధతి అమెరికా అంతటా ఎప్పుడూ లేదు. 1814 నుంచి 1830 దాకా బాల్టిమోర్‌లో మాత్రం ఉండేది. కొనేవాళ్లకు వెనక ముద్రలోని అక్షరాలే ఆధారం. అమ్మే ముందు ఆరు స్పూన్లూ తిప్పి చూడటానికి ఎంతసేపు పడుతుంది?

నాలుగూ నేనే ఉంచుకుంటాను. మిగతా రెంటికీ సెట్టు ధరలో మూడో వంతు, తిప్పి పంపే ఖర్చు పది రోజుల్లో ఇప్పించండి. మీ సైట్‌లో "1847 కాయిన్ సిల్వర్ ఫోర్కులు" ఇంకా అమ్మకానికి ఉన్నాయి. వాటి వెనక ముద్ర కూడా ఒకసారి చూడండి.

ఆరింటి ముద్రల ఫొటోలు, రసీదు జతచేశాను. రెండు స్పూన్లనూ పాలిష్ చేయకుండా అలాగే కాగితంలో చుట్టి పెట్టాను. ఎక్కడికి పంపాలో చెప్పండి.

ఇట్లు,
మీ కస్టమర్