నావి క్రియలకు ఇంగ్లీషు పట్టిక ఎందుకు?

సంపాదకులకు,

అయ్యా,

కల్పిత భాషల మీద మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం చాలామంది పిల్లల చేత చదివించింది. బాహుబలి (2015)లో కాలకేయుల కిలికి విన్నప్పటి నుంచి వాళ్లకు ఈ ఆసక్తి ఉండనే ఉంది. అయితే అవతార్ (2009) సినిమా కోసం భాషాశాస్త్రవేత్త పాల్ ఫ్రోమర్ తయారుచేసిన నావి భాష క్రియలను ఇంగ్లీషు పన్నెండు టెన్సుల పట్టికలో కూర్చి చూపడం సరికాదు. ఆ పట్టిక నావికి పొసగదు. తెలుగు క్రియ తెలిసినవాళ్లకు దాంతో అవసరమూ లేదు.

నావిలో కాలం చెప్పే ముక్క క్రియకు ముందూ రాదు, వెనకా రాదు, మధ్యలో దూరుతుంది. తినడానికి 'యొమ్'. అందులో అమ్ చేరితే యమొమ్, అంటే తిన్నాడు. ఇమ్ చేరితే యిమొమ్, ఇప్పుడే తిన్నాడు. ఇయ్ చేరితే యియొమ్, తినబోతున్నాడు. అయ్ చేరితే యయొమ్, తర్వాతెప్పుడో తింటాడు. ఇవి నాలుగూ కాలాలు. పని పూర్తయిందా, సాగుతోందా అన్నది వేరే లెక్క. ఒల్ చేరితే యొలొమ్, తినేశాడు. ఎర్ చేరితే యెరొమ్, మన కడప మాటలో తింటాండాడు. 'తినబోతున్నాడు', 'తినేశాడు', 'తింటాండాడు' అని రోజూ అనే పిల్లవాడికి ఈ తేడాలు పట్టుకోవడానికి ఇంగ్లీషు పర్ఫెక్ట్ టెన్సు అడ్డం పెట్టడం దేనికి?

తెలుగు లిపిలో రాసుకునేవాళ్లు తప్పకుండా పడే గుంట ఒకటుంది. వేటాడడానికి 'తరొన్'. చేరే ముక్క చివరి నుంచి రెండో అక్షరంలో, హల్లు తర్వాత, అచ్చుకు ముందు దూరాలి. మనం 'త' అని ఒకే అక్షరం రాస్తాం కాబట్టి అందులోని అచ్చు కంటికి కనబడదు. అమ్‌ను దాని పక్కన తగిలించి 'తామ్‌రొన్' అంటారు, లేదంటే చివరి అక్షరంలో పెట్టి 'తరమొన్' అంటారు. రెండూ తప్పే. బడిలో వర్ణ విభజన చేసినట్టు త్+అ+ర్+ఒ+న్ అని విడదీసి, త్ పక్కన అమ్ పెట్టి కలపాలి. తమరొన్ వస్తుంది. ఇదే పద్ధతిలో తిమరొన్, తియరొన్, తయరొన్, తొలరొన్, తెరరొన్. నోటితో అనే ముందు కాగితం మీద విడదీయించాలి. మొదట ఒకే అక్షరమున్న యొమ్‌తో ఆరు రూపాలూ తడుముకోకుండా వచ్చాకే తరొన్ దగ్గరికి పోవాలి.

ఆ తర్వాత జంట క్రియలు. 'ఇరయొ సి' అంటే కృతజ్ఞత చెప్పు. ఇందులో మార్పంతా 'సి'లోనే జరుగుతుంది: ఇరయొ సొలి, ఇరయొ సెరి. ఇరయొను కదిలించకూడదు. తినిపించడానికి 'యొమ్‌తింగ్'. చివరి నుంచి రెండో అక్షరం అనే సూత్రం ఇక్కడ పనిచేయదు, ముక్క 'తింగ్'లోనే చేరి యొమ్‌తమింగ్ అవుతుంది. నావి నిఘంటువుల్లో ముక్క చేరే చోట చుక్క పెట్టి ఉంటుంది. ఊహించకుండా ఆ చుక్క చూడాలి.

తెలుగు వల్ల వచ్చే తప్పులూ చెప్పాలి. 'రోజూ తింటాడు', 'రేపు తింటాడు' అని మనం రెండింటికీ ఒకే రూపం వాడతాం. అందుకని అలవాటు చెప్పేటప్పుడు కూడా అయ్ చేరుస్తారు. నావిలో అలవాటుకు ఏ ముక్కా వద్దు, ఉత్త యొమ్ చాలు. చిన్నయసూరి బాలవ్యాకరణంలో తద్ధర్మార్థాన్ని, అంటే అలవాటును చెప్పే అర్థాన్ని, భవిష్యత్తు నుంచి వేరు చేసింది చదివినవాళ్లకు ఇది వెంటనే అందుతుంది. వాక్యంలో 'రోజూ' ఇముడుతుందా, 'రేపు' ఇముడుతుందా అని చూసుకుంటే చాలు. తిన్నాను, తిన్నావు, తిన్నాడు అని క్రియే మనిషిని చెబుతుంది కాబట్టి మనం నేను, నువ్వు వదిలేస్తాం. నావి క్రియ మనిషిని చెప్పదు. వదిలేస్తే ఎవరు తిన్నారో అర్థం కాదు. వ్యతిరేకం మాత్రం మనకన్నా సులువు. తినలేదు, తినడు, తినడం లేదు అని మనం రూపం మార్చేచోట అక్కడ ముందు 'కె' పెడితే సరి: కె యమొమ్, కె యయొమ్, కె యెరొమ్.

కథ చెప్పేటప్పుడు ప్రతి క్రియలోనూ అమ్ ఇరికించనక్కర్లేదు. 'వచ్చి, చూసి, తిని పోయినాడు' అన్నప్పుడు కాలం చివరి క్రియ మోస్తుంది. నావిలో మొదటి వాక్యంలో కాలం తెలిస్తే తర్వాతి క్రియలు ఉత్తగా ఉండవచ్చు.

ఆ వ్యాసంలోనే స్టార్ ట్రెక్ సినిమాల్లోని క్లింగాన్ భాషకూ మూడు కాలాల పట్టిక వేశారు. ఆ భాషను రూపొందించిన మార్క్ ఓక్రాండ్ నిఘంటువు 1985లో వచ్చింది. ఆ భాషలో క్రియకు కాలమే లేదు. నిన్న, రేపు అన్న మాటలే ఆ పని చేస్తాయి. 'పు' ప్రత్యయాన్ని భూతకాలమని నేర్పితే ఇక దిద్దడం కష్టం. అది పని ముగిసిందని మాత్రమే చెబుతుంది, రేపటి పనికీ వస్తుంది. సాగే పనికి రెండు ప్రత్యయాలున్నాయి. వాన పడుతూనే ఉందంటే 'తాహ్', బస్సు ప్రొద్దుటూరు దగ్గరపడుతోందంటే, గమ్యం తెలిసిన పని కాబట్టి, 'లి'.

ఈ శీర్షికను కొనసాగిస్తామని రాశారు, సంతోషం. తర్వాతి భాగంలో ఇంగ్లీషు పట్టిక తీసేసి, ప్రతి క్రియను హల్లు, అచ్చు విడదీసి, చేరే ముక్కను లావు అక్షరాల్లో అచ్చు వేయండి. పక్కనే తెలుగు రూపం, దాని కింద వ్యతిరేక రూపం ఇవ్వండి. ఒక వారానికి నాలుగు క్రియలకు మించొద్దు. కడపలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రం వంటి చోట వేసవి సెలవుల్లో తెలుగు ఉపాధ్యాయుల చేతనే ఈ పాఠాలు చెప్పించే ఆలోచనకు మీ పత్రిక మద్దతివ్వాలని కోరుతున్నాం.

— కొందరు భాషా ఉపాధ్యాయులు, కడప