కోరంగి మడ అడవులు, గౌతమి మొగ: దీర్ఘకాల ప్రణాళిక సవరణపై మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మనం చేసిన పనుల్లో పెద్దది ఒక్కటే. పాత దీర్ఘకాల ప్రణాళికను మళ్లీ తెరిచి, చాలావరకు తిరగరాశాం. అందుకే ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే ఉంటుంది.

పాత ప్రణాళికలో మడ మొక్కల లెక్కే ఎక్కువ. ఏ పర్రలో (పోటు నీళ్లు ఎక్కి దిగే ఉప్పు నేలలో) ఎన్ని నాటాలి, కూలీలు ఎంతమంది, కంచె ఎక్కడ వేయాలి, ఇదే. అప్పట్లో మనకు తెలిసిన పని అది, అందులో తప్పేమీ లేదు. కానీ నాటినవి ఎలా ఉన్నాయో చూద్దామని వేసవిలో ఒక పర్రకు వెళ్లాం. మండ పీతలు పట్టే అక్క ఒకావిడ దారి చూపించింది. పోటు నీళ్లు లోపలికి రావడానికి తవ్విన పిల్లకాలవ మూతి దగ్గరే పూడిపోయి ఉంది. అక్కడ అడ్డం పడిన మట్టి జానెడు ఎత్తు కూడా లేదు. ఆ కాస్త మట్టికే లోపల పర్ర అంతా ఎండిపోయింది. నేల మీద ఉప్పు తెల్లగా పేరుకుని, కాలు పెడితే అప్పడంలా విరిగింది. మనం నాటిన మొక్కలు ఎండు పుల్లల్లా నిలబడి ఉన్నాయి. కాలవకు అవతలి వైపు, ఎవరూ నాటని చోట, తెల్ల మడ తనంతట తనే మోకాలెత్తు లేచింది. అక్కడికి పోటు వస్తోంది, పాటుకు దిగిపోతోంది.

"నీళ్లు రానిస్తే అదే మొలుస్తాది, మీరు నాటేదేంటి?" అంది అక్క. ఆ మాటను మినిట్స్ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు రాసుకున్నాం. కొత్త ప్రణాళిక అంతా ఆ మాట మీదే నిలబడింది.

మడకు ఉప్పునీళ్లు ఉంటే చాలని చాలామంది అనుకుంటారు. ఉప్పును అది తట్టుకుంటుంది, నిజమే. కానీ మంచినీళ్లు కలవకపోయినా, వచ్చిన నీళ్లు వెనక్కి పోయే దారి లేకపోయినా నేలలో ఉప్పు పెరుగుతూ పోతుంది, మొక్క చస్తుంది. అందుకే ఎండిన పర్రల్లో చేప ముల్లు ఆకారంలో కాలవలు తవ్వుతారు. మధ్యలో ఒక పెద్ద కాలవ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా పిల్లకాలవలు. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన ఫౌండేషన్ వాళ్లు మన తీరంలో ఈ పద్ధతినే చేసి చూపించారు. పద్ధతి మంచిదే, పూడిక తీయడం మానేస్తే మాత్రం ఆ కాలవ ఉన్నా లేనట్టే. పాత ప్రణాళికలో కాలవ తవ్వడానికి డబ్బు పెట్టాం, పూడిక తీయడానికి రూపాయి కూడా పెట్టలేదు. ఇది మన తప్పే.

ఇక మంచినీళ్ల సంగతి. గోదావరి నాసిక్ దగ్గర త్ర్యంబకంలో పుట్టి 1,465 కిలోమీటర్లు ప్రయాణం చేసి ఇక్కడికి వస్తుంది. గౌతమి నుంచి చీలిన కోరంగి, గాడేరు పాయలే మన అడవికి మంచినీళ్లు, ఒండ్రు తెచ్చి కాకినాడ అఖాతంలో కలుస్తాయి. ఎగువన ఆనకట్టలు పెరిగేకొద్దీ ఒండ్రు తగ్గిపోయింది. వేసవిలో ధవళేశ్వరం దాటి వచ్చే నీళ్లు చాలా తక్కువ. వరదొస్తే మాత్రం లెక్కే వేరు. 1986 ఆగస్టులో బ్యారేజీ దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటింది, 2022 జులైలో 25 లక్షలకు పైగా. వరద అంటే మనకు భయం, టెన్షన్. అడవికి మాత్రం ఒండ్రు అందేదీ, నేలలో ఉప్పు కడిగేదీ ఆ రోజుల్లోనే. ఈ రెండు మాటలూ ప్రణాళికలో పక్కపక్కనే ఉండాలని పెద్దలు పట్టుబట్టారు, అలాగే రాశాం.

ఎగువ నుంచి వచ్చేది నది నీళ్లు ఒక్కటే కాదు. డెల్టా మురుగు కాలవల్లో పొలాల ఎరువు, రొయ్యల చెరువుల నీళ్లు కూడా మన వైపే వస్తాయి. చొల్లంగి అమావాస్యకు వేలమంది మునిగే చోటు గోదావరి పాయ తుల్యభాగ సాగరంలో కలిసే చోటని మనవాళ్ల నమ్మకం. అక్కడికి చేరే నీళ్లు ఎక్కడెక్కడ తిరిగి వస్తున్నాయో తెలుసుకోకుండా మొగ దగ్గర, అంటే నది సముద్రంలో కలిసే చోట, ఏ ప్రణాళిక వేసినా సగమే అవుతుంది. అందుకని ఈసారి మన హద్దును ఊరి పొలిమేర దగ్గర ఆపకుండా, డ్రైన్ల వెంట పైకి తీసుకెళ్లాం.

ఇక్కడే గట్టిగా వాదన జరిగింది. మన సభ్యుల్లోనే రొయ్యల చెరువులున్నవాళ్లు ఉన్నారు. పట్టుబడి అయ్యాక నీళ్లన్నీ ఒక్కసారే వదిలితే కింద పీత పిల్ల ఉండటం లేదని వేటకు పోయేవాళ్లు అన్నారు. మేత ధర, జబ్బులు, అప్పులు ఎవరు చూస్తారని చెరువుల వాళ్లు అన్నారు. రెండు సమావేశాలు ఒప్పందం లేకుండానే ముగిశాయి. మూడోసారి ఒక రైతు తనంతట తనే, చివరి చెరువును ఖాళీగా ఉంచి నీళ్లు అందులో తేరుకున్నాక డ్రైన్‌లోకి వదులుతానన్నాడు. ఇప్పుడు మరికొందరు ఆ దారిలో ఉన్నారు. అందరూ కాదు. ఒప్పుకోనివాళ్లను సంఘం నుంచి తీసేయాలన్న ప్రతిపాదనను కార్యవర్గం తిరస్కరించింది. వాళ్లు బయటికి పోతే ఈ మాట వినేవాళ్లు కూడా ఉండరు.

ఇంకో చిక్కు హద్దులది. పాత కాగితాల్లో అంతా తూర్పు గోదావరి జిల్లాయే. 2022 ఏప్రిల్ తర్వాత మనం కాకినాడ జిల్లా, ఏటి అవతలి గట్టు కోనసీమ, మధ్యలో యానాం పుదుచ్చేరిది. మొగ ఒక్కటే, అడగాల్సిన ఆఫీసులు మాత్రం అన్ని వైపులా ఉన్నాయి. డ్రైన్ పూడిక గురించి ఒక కార్యాలయానికి మూడు ఉత్తరాలు రాశాం, జవాబు లేదు. నాలుగోది రాస్తున్నాం. అభయారణ్యం లోపల, అంటే 1978లో ప్రకటించిన 235 చదరపు కిలోమీటర్లలో, అటవీ శాఖ అనుమతి లేకుండా పార కూడా ఎత్తం. మన పని బయటి పర్రల్లోనే.

ఇదంతా ఎందుకని చదువుకుంటున్న పిల్లలు అడిగారు. 1839 నవంబరులో ఉప్పెన వచ్చి కోరంగి రేవు తుడిచిపెట్టుకుపోయింది. 3 లక్షల మంది పోయారని పుస్తకాల్లో ఉంది. 1996 నవంబరు 6 రాత్రి తుపాను గురించి మాత్రం పుస్తకంలో చదవక్కర్లేదు, మన ఇళ్లలోనే చెప్పేవాళ్లున్నారు. మడ చెట్టు పట్టుకుని తెల్లారేదాకా ఉన్న ఒక తాతగారు పిల్లలకు ఆ రాత్రి గురించి చెప్పారు. ఆ మాటలు రికార్డు చేసి దాచాం.

మిగతావి క్లుప్తంగా. బడి పిల్లల్ని రెండుసార్లు అడవికి తీసుకెళ్లాం. బావురు పిల్లి పాదముద్ర ఒకటి కనిపించింది, ఆ ఆనందం ఇంకా తగ్గలేదు. తాబేళ్లు గుడ్లు పెట్టే కాలంలో హోప్ ఐలాండ్ వైపు వలలు వేయొద్దని రేవుల్లో చెప్పి వచ్చాం. జమాఖర్చుల పుస్తకం కోశాధికారి దగ్గర ఉంది, ఎవరైనా చూడొచ్చు. హైదరాబాదులో, గల్ఫ్‌లో ఉన్న సభ్యులు పంపిన చందా పూర్తిగా పూడిక తీసే పద్దులోకే వెళ్లింది.

వచ్చే ఏడాది మొదటి పని కాలవ మూతులు తెరవడం. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధం కాబట్టి మనుషులు ఊళ్లోనే ఉంటారు. అష్టమి దగ్గర పోటు తక్కువ, పని ఆ రోజుల్లోనే పెట్టుకుందాం. తెల్లవారుజామున పాటు మొదలవగానే దిగాలి, పోటు తిరిగేలోగా బయటికి రావాలి. పార, తట్ట ఎవరివి వాళ్లు తెచ్చుకోండి. మజ్జిగ, టిఫిన్ సంఘం చూసుకుంటుంది. మూతులు ఎక్కడెక్కడ పూడాయో పీతలు పట్టే ఆడవాళ్లు గుర్తులు పెట్టి ఇస్తారు. ఈసారి ముందు వాళ్లు నడుస్తారు, వాళ్ల వెనక మనం.

– కార్యదర్శి, కార్యవర్గం తరఫున