మా జింకల్ని ఎవరు లెక్కపెట్టారు?

సంపాదకులు గారికి,

నమస్కారం. మొన్న ఆదివారం మీ పత్రిక లోపలి పేజీలో ఒక ఫొటో వేశారు. గోడ నిండా కొమ్ముల తలలు, వాటి ముందు విల్లు పట్టుకున్న పదేళ్ల తెల్ల పిల్లాడు. అమెరికాలో జింకల్ని చంపడం కూడా ఒక సంబరమేనని కింద రెండు వాక్యాల వెటకారం. మా ఆవిడ చూసి, "మీరు పోయొచ్చిన జాతర ఇదే కదా?" అంది. అదే, కాకపోతే అలాంటిదే ఇంకోటి. అందుకే ఈ ఉత్తరం.

ముందు ఒక దిద్దుబాటు. ఫొటోలో ఉన్నవి జింకలు కావు, దుప్పి జాతి. తోక అడుగున తెల్లగా ఉంటుంది గనుక తెల్లతోక దుప్పి అందాం. మగదానికి ఏటా కొమ్ములు రాలి కొత్తవి మొలుస్తాయి, చెట్టులా కొమ్మలు వేస్తాయి. మన కృష్ణ జింక కొమ్ము అలా కాదు. ఒక్కసారే మొలుస్తుంది, మెలి తిరిగి నిక్కుతుంది, చచ్చేదాకా రాలదు. మగదాన్ని మా ముసలివాళ్లు ఇర్రి అనేవారు, ఆడదాన్ని లేడి అనేవారు. ముప్ఫై రెండేండ్లు బడిలో పాఠం చెప్పినవాణ్ని, తప్పు కనబడితే ఎర్ర గీత గీయకుండా పేజీ తిప్పలేను. మన్నించండి.

ఇక సంగతి. నిరుడు ఆరు నెలలు అమ్మాయి దగ్గర ఉండి వచ్చాం. విస్కాన్సిన్ రాష్ట్రం, మాడిసన్. అక్కడ ఏటా వసంతంలో డీర్ అండ్ టర్కీ ఎక్స్‌పో అని వేటగాళ్ల ప్రదర్శన జరుగుతుంది. వసంతమని వాళ్లంటారు గానీ నేను స్వెట్టరు మీద స్వెట్టరు వేసుకునే పోయాను. మా అల్లుడి ఆఫీసులో తోటి ఇంజనీరొకాయన సెలవు రోజుల్లో వేటకు పోతాడు. "మీ మామగారు రైతన్నావుగా, తీసుకురా" అని ఆయనే పిలిచాడు. మనవరాలు కూడా బయల్దేరింది.

లోపలికి అడుగు పెట్టగానే నాకు మన్యంకొండ జాతర గుర్తొచ్చింది. అదే తోపులాట, అదే వేపుడు వాసన, పిల్లల చేతిలో పీకలు. ఆ పీకలు ఉత్తుత్తివి కావు. ఊదితే మగదుప్పి గుర్రుమంటుంది. ఒక చిన్న డబ్బా ఉంది, తలకిందులు చేస్తే ఆడదుప్పి అరుస్తుంది. మరొకాయన రెండు కొమ్ములు పట్టుకుని ఒకదానికొకటి టకటకా కొట్టి చూపిస్తున్నాడు. రెండు మగవి పోట్లాడుకుంటున్నాయేమోనని మూడోది చూడ్డానికి వస్తుందట. నేను అరగంట నిలబడి విన్నాను. మా చేలో జింకల్ని తరమడానికి మేం పళ్లేలు కొడతాం, టపాకాయలు పేలుస్తాం, వడిసెల తిప్పుతాం. వాటిని పిలవడానికి డబ్బు పెట్టి పీక కొనుక్కునేవాళ్లను చూస్తే నాకు నవ్వాగలేదు.

ఒక మూల నిలువు దుంగ పాతి, దానికి ఒక మనిషిని పట్టీలతో వేలాడదీశారు. అక్కడి వేటగాళ్లు చెట్టుకు కట్టిన చిన్న మంచె మీద కూర్చుంటారు, తుపాకీ దెబ్బల కన్నా ఈ మంచెల మీంచి పడి నడుములు విరగ్గొట్టుకునేవాళ్లే ఎక్కువట. పట్టీ ఎలా కట్టుకోవాలి, జారితే ఎలా నిలదొక్కుకోవాలి, ఊరికే వేలాడుతూ ఉంటే తొడల దగ్గర రక్తం ఆగి ఎంత ప్రమాదం, అన్నీ ఆ వేలాడే మనిషే నవ్వుతూ చెబుతున్నాడు. మన గీత కార్మికులకు 2024లో ప్రభుత్వం కాటమయ్య రక్షణ కవచాలిచ్చింది కదా, అచ్చం ఆ సరంజామా. మా ఊళ్లో ఒకాయన మోకు తెగి తాడి మీంచి పడి మంచం పట్టి పదకొండేండ్లయింది. ఆయన మనసులో మెదిలి అక్కణ్నుంచి కాసేపు కదల్లేకపోయాను.

విలువిద్య గురించి రాయకపోతే మా మనవరాలు ఊరుకోదు. రబ్బరులాంటి మెత్తటి దాంతో చేసిన దుప్పి బొమ్మలు, ఒంటి మీద గుండె ఉండే చోట వలయాలు. మూడు బాణాలకు ఐదు డాలర్లు. కాంపౌండ్ విల్లు, రెండు కొసలా చక్రాలు. అల్లెతాడు లాగేటప్పుడు ముందు భుజం ఊడొచ్చేంత బరువు. చక్రం తిరిగాక ఆ బరువు ఎటో జారిపోయి వేళ్ల మీద పావు వంతు మిగులుతుంది. నాకు అరవై ఆరు. మొదటి బాణం వెనక తెరకు తగిలింది, రెండోది, మూడోది దుప్పి తొడకు. విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ఈ రకం విల్లుతోనే మూడు బంగారు పతకాలు కొట్టిందని అల్లుడి చేత చెప్పించాను. బాణాలు అందిస్తున్న కుర్రాడు ఫోనులో వెతికి చూసుకుని, పైసా అడగకుండా నాలుగో బాణం చేతిలో పెట్టాడు. అదీ తొడకే తగిలింది.

మీరు ఫొటో వేసిన గోడ దగ్గరికి వస్తాను. నాకూ నచ్చలేదు. గాజు కళ్లతో వరసగా చూస్తున్న తలల కింద నిలబడి మా మనవరాలు, "తాతా, ఇవి కళ్లు మూసుకోవా?" అంది. ఆడదుప్పి మూత్రం సీసాల్లో పోసి అమ్మడం, పిల్లల సైజు గులాబీ తుపాకులు, ఇవీ నచ్చలేదు. కాని ఆ గోడ పక్కనే ఒక బల్ల ఉంది. ఫొటో తీసినాయన దాన్ని వదిలేశాడు.

ఆ బల్ల వెనక నాలాంటి ముసలాయన, ముక్కు మీద కళ్లద్దాలు, చెవి వెనక పెన్సిలు. జనం దుప్పట్లలో చుట్టి కొమ్ములు తెచ్చి వరసలో నిలబడ్డారు. ఆయన పావు అంగుళం వెడల్పున్న ఉక్కు టేపు తీసి కొమ్ము వెంట పాములా పాకిస్తాడు. మొదలు నుంచి కొస దాకా ఒక కొలత, ప్రతి కొమ్మకూ ఒక కొలత, చుట్టుకొలతలు, రెండు కొమ్ముల మధ్య ఎడం. అంగుళంలో ఎనిమిదో వంతు కూడా వదలడు. కోసిన కొమ్ము అరవై రోజులు ఆరితే తప్ప ఆ కొలత రికార్డు పుస్తకానికి చెల్లదట. ఎడమకూ కుడికీ తేడా ఉంటే ఆ తేడా మొత్తంలోంచి తీసేస్తాడు. మార్కుల కోత! నా ముందున్న కుర్రాడి కొమ్ము ఒక పక్క మూరెడు, ఇంకో పక్క జానెడు. విల్లుతో కొట్టిన వాటికి ఈ కొలతలన్నీ కూడిన మొత్తం నూట ఇరవై ఐదు అంగుళాలు దాటితే విల్లు వేటగాళ్ల సంఘం పోప్ అండ్ యంగ్ క్లబ్బు పుస్తకంలోకి ఎక్కుతుందట. వాడిది కోత పడ్డాక నూట పంతొమ్మిది దగ్గర ఆగింది. ముసలాయన అంకె రెండుసార్లు కూడి చూసి, కాగితం వాడి వైపు తిప్పి పెట్టాడు. వాడు గొణగలేదు, దుప్పటి చుట్టుకుని పోయాడు. పరీక్ష పేపర్లు దిద్దినవాణ్ని గనుక ఆ బల్ల దగ్గర నాకు ఇంట్లో ఉన్నట్టే అనిపించింది.

ఆ పక్క బల్ల మీద దవడ ఎముకలు. పళ్లు చూసి దుప్పి వయసు చెప్పడం నేర్పుతున్నారు. నమిలే పళ్లలో ముందు నుంచి మూడోది చూడమంది అక్కడి అమ్మాయి. దానికి మూడు బొడిపెలుంటే పాలపన్ను ఇంకా ఊడలేదని, ఏడాదిన్నర లోపు పిల్ల అని. రెండే బొడిపెలుంటే పెద్దది, ఆపైన అరుగుదలను బట్టి లెక్క. ఇందులో నాకు కొత్తేముంది? మా నాయిన సంతలో కోడె మూతి తెరిచి రెండు పళ్లా, నాలుగు పళ్లా చూసే బేరమాడేవాడు. నేను వరసగా ఆరు దవడలు చూసి ఐదింటికి సరిగ్గా చెప్పాను. ఆ అమ్మాయి నన్ను పశువుల డాక్టరనుకుంది.

ఇదంతా ఎందుకు చూస్తారో తర్వాత అర్థమైంది. ఆ ఒక్క రాష్ట్రంలో ఏటా సుమారు 3 లక్షల దుప్పుల్ని వేటాడతారు. దుప్పి చేతికి చిక్కిన మర్నాడు సాయంత్రం ఐదింటిలోగా దాన్ని నమోదు చేసి తీరాలి. 1973 జనవరి 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లకు శిక్షణ పాసైతేనే లైసెన్సు. మాంసం ఇంట్లో వండుకోవచ్చు, లేనివాళ్లకు దానం ఇవ్వొచ్చు, అమ్మితే మాత్రం నేరం. దుప్పులు చొంగ కారుస్తూ బక్కచిక్కి చచ్చే జబ్బొకటి మాడిసన్‌కు పడమట మౌంట్ హోరెబ్ దగ్గర 2002లో బయటపడింది. అప్పటినుంచి వేటగాళ్లు తలలు తెచ్చి అప్పగిస్తే గ్రంథులు తీసి ఉచితంగా పరీక్ష చేస్తున్నారు. వేటలో ఎన్ని చచ్చాయి, ఎంత వయసువి, మగెన్ని, ఆడెన్ని అన్నీ రాసుకుంటారు. దాన్నిబట్టి అడవిలో ఎన్ని మిగిలాయో జిల్లాల వారీగా లెక్క కట్టి, వచ్చే ఏడు ఎన్నింటికి అనుమతి ఇవ్వాలో తేలుస్తారు. ఈ పనుల ఖర్చులో పెద్ద వాటా వేటగాడిదే. లైసెన్సు రుసుము ఒకటి. అది కాక వేట తుపాకులు, తూటాల మీద 11 శాతం పన్ను 1937 నాటి చట్టం ప్రకారం వన్యప్రాణుల పనికే పోతోంది. 1972లో విల్లుల్నీ అందులో చేర్చారు. మన వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చిందీ ఆ ఏడే.

బయటికొచ్చే దారిలో పంట నష్టం గురించి చెప్పే ఒక కౌంటరు కనబడింది. నా కాళ్లు ఆగిపోయాయి. దుప్పులు మొక్కజొన్న, సోయా తినేస్తే రైతు కోతకు ముందే కబురు చేయాలి. జిల్లా మనిషి చేలోకి వచ్చి నడిచి చూసి అంచనా వేస్తాడు. పరిహారం వచ్చేది వేట లైసెన్సుల మీద వేసే అదనపు రుసుము నుంచి. పరిహారం కావాలంటే రైతు తన పొలంలోకి వేటగాళ్లను రానివ్వాలి, అదీ షరతు. అల్లుడు తర్జుమా చేస్తుంటే నేను అడిగిన మొదటి ప్రశ్న, "దుప్పి తింటున్న ఫొటో కావాలా?" ఆ మనిషికి ప్రశ్న అర్థం కాలేదు. అల్లుడి చేత మళ్లీ అడిగించాను. ఆకు కొరికిన తీరు చూస్తే తెలుస్తుంది కదా, ఫొటో ఎందుకన్నాడు. దుప్పికి పైదవడ ముందు పళ్లుండవు, కొరికిన చోట పీచులా చిరుగుతుంది, కుందేలు కొరికితే కత్తితో కోసినట్టుంటుంది. ఇది మా పాలేరుకూ తెలుసు.

నేనెందుకు అలా అడిగానో చెప్పాలి. మాది మక్తల్ దిక్కు. మక్తల్, మాగనూరు, కృష్ణ మండలాల్లో నల్లరేగడి మీద జింకలు మందలు మందలుగా తిరుగుతాయి. నాకు తొమ్మిదెకరాలు. మృగశిర కార్తెలో విత్తిన కంది మృగాల నోట్లోకేనని మా దిక్కు ఎగతాళి. మొలక నాలుగాకులు వేసిందంటే తెల్లవారుజామున యాభై, అరవై దిగుతాయి. పోయిన వానాకాలం రెండుసార్లు విత్తాను. చేను చుట్టూ మా ఆవిడ పాత చీరలు పదకొండు కట్టాను, అందులో ఒకటి ఆమె పుట్టింటివాళ్లు పెట్టింది, ఇప్పటికీ ఆ మాట వస్తుంది. జింకలు మూడు రోజులు చీరల్ని చూసి బెదిరాయి, నాలుగోనాడు దూకాయి. పరిహారానికి దరఖాస్తు పట్టుకుపోతే, ఏ ఆఫీసో రాయను, తింటుండగా తీసిన ఫొటో తెమ్మన్నారు. తెల్లవారుజామున నా ఫోనులో తీస్తే చీకటీ, దూరాన పది చుక్కలూ వచ్చాయి. అవి కుక్కలు కావని రుజువేంటన్నారు.

నేను వేట అడగడం లేదు. జింకను చంపితే మూడు నుంచి ఏడేండ్ల జైలు, ఉండాల్సిందే. కడుపుతో ఉన్న లేడి గట్టు దూకలేక ఆగి వెనక్కి చూడటం నేను కళ్లారా చూశాను, చేతిలోని రాయి కింద పడేశాను. కాని మా మూడు మండలాల్లో ఇన్ని జింకలున్నాయని, నిరుడికన్నా పెరిగాయనో తగ్గాయనో ఊరివారీగా ఒక కాగితం మీద రాసి పంచాయతీ గోడకు అంటించండి. రైతులు వెయ్యంటారు, ఆఫీసులో అడిగితే రెండొందలంటారు. లెక్క లేనిదాని మీద పరిహారం ఎంత పెట్టాలో ఎవరికి తెలుస్తుంది? ఎన్నింటిని పట్టి వేరే చోటికి తరలించాలో ఎవరు చెబుతారు? 2025లో మధ్యప్రదేశ్ షాజాపూర్ దిక్కు హెలికాప్టరుతో బోమాలోకి, అంటే గరాటులా కట్టిన కంచెలోకి తోలి కృష్ణ జింకల్ని అడవులకు తరలించారు. మాకు హెలికాప్టరు కాదు, ముందు కాగితం, పెన్సిలు పట్టుకున్న మనిషి కావాలి. మా డిగ్రీ కాలేజీ జువాలజీ పిల్లలకు ఒక ఆదివారం అప్పజెప్పినా చాలు.

మీరు ఈ ఉత్తరం వేస్తే నా పేరు వేయొద్దని మనవి, మళ్లీ అదే ఆఫీసుకు పోవాల్సినవాణ్ని. వేయకపోయినా ఒక పని చేయండి. ఈసారి కంది మొలకెత్తాక, జులైలో, ఒక విలేకరినీ మంచి కెమెరా ఉన్న ఫొటోగ్రాఫరునూ పంపండి. ఆ ఫొటో నా దరఖాస్తుకూ పనికొస్తుంది. నాలుగున్నరకల్లా చేలో ఉండాలి. మంచె మీద ముగ్గురికి చోటుంది, చాయ్ మా ఇంటి నుంచి వస్తుంది. దుప్పట్లు మాత్రం వాళ్లే తెచ్చుకోవాలి.

ఇట్లు,
ఒక కంది రైతు, రిటైర్డ్ ఉపాధ్యాయుడు,
మక్తల్ మండలం, నారాయణపేట జిల్లా