పాత బండ్లు, కొత్త టైర్లు: మన ట్రాకు రైడర్ల సంఘం 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా సంఘం ఏం చేసింది, డబ్బు ఎక్కడ పెట్టింది, ఎక్కడ దెబ్బతింది అన్నదే ఈ నివేదిక. జమాఖర్చుల కాగితం కోశాధికారి గారు విడిగా పంచుతారు. పోయిన ఏడాది నివేదిక చదివితే అంతా పూలపాన్పులా ఉందని సమావేశంలో ఒకరిద్దరు నవ్వారు. ఈసారి అలా రాయడానికి వీల్లేదు. ఈ ఏడాది సంఘం కొన్న నాలుగు పాత మోటారుసైకిళ్లలో ఒకటి షెడ్డులో గోడకు ఆనించి ఉంది. అది మళ్లీ ట్రాకు ఎక్కదు. దాన్ని ఎంచింది నేనే.

సభ్యుల సంఖ్య 27 నుంచి 41కి పెరిగింది. ఎక్కువమంది హైదరాబాదు వాళ్లే, కొందరు విజయవాడ, గుంటూరు నుంచి. కొత్తగా చేరినవాళ్లలో చాలామంది "రేసులు ఎప్పుడు?" అని అడుగుతున్నారు కాబట్టి ఒక మాట మళ్లీ చెప్పాలి. మనం వెళ్లేది రేసుకు కాదు, ట్రాకు డేకి. అక్కడ ఎవరూ ఫస్టు రారు, కప్పు ఇవ్వరు. అనుభవాన్ని బట్టి గ్రూపులు చేస్తారు. పొద్దున్నే బ్రీఫింగ్, జెండాల గుర్తులు, బండి తనిఖీ. తర్వాత పదిహేను ఇరవై నిమిషాల చొప్పున సెషన్లు. ఎదురుగా లారీ రాదు, కుక్క అడ్డం రాదు, ఇసుక ఉండదు. ఒకే మలుపు రోజుకు అరవై డెబ్బై సార్లు తిరగొచ్చు. రోడ్డు మీద ఇరవై ఏళ్లు నడిపినా దొరకనిది ఆ అరవై సార్లు.

వెళ్లివచ్చినవి

ఈ ఏడాది అయిదు ట్రిప్పులు అనుకున్నాం, నాలుగు అయ్యాయి. మూడు చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైకి, ఒకటి కోయంబత్తూరులోని కరి మోటార్ స్పీడ్‌వేకి. 1990లో మొదలైన ఇరుంగాట్టుకోట్టై ట్రాకును ఇప్పుడు మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అంటున్నారు గానీ మనవాళ్ల నోట్లో ఇంకా పాత పేరు మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్, పొట్టిగా ఎమ్మెమ్మార్టీనే. చుట్టు 3.7 కిలోమీటర్లు, పన్నెండు మలుపులు. కరి అంతకంటే చిన్నది, 2.1 కిలోమీటర్లు. నా మాట అడిగితే మొదటిసారి వెళ్లేవాళ్లకు కరి మేలు. చుట్టు చిన్నది కాబట్టి చేసిన తప్పు మర్చిపోకముందే అదే మలుపు మళ్లీ వస్తుంది. కానీ మనకు దూరం. అదే చిక్కు.

అయిదో ట్రిప్పు నవంబరు ఆఖరులో పెట్టుకున్నాం. ఫెంగల్ తుఫాను వచ్చింది. బండ్లు ఎక్కించిన టాటా ఏస్‌ను నెల్లూరు నుంచి వెనక్కి తిప్పాం. డ్రైవరుకు రానుపోను కిరాయి మొత్తం ఇచ్చాం. దీని మీద కమిటీలో గొడవ జరిగింది, కానీ ఇవ్వడమే న్యాయం.

చాలామంది అడుగుతున్నారు కాబట్టి దారి కూడా రాస్తున్నా: నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ల, అద్దంకి, మేదరమెట్ల, అక్కణ్నుంచి ఒంగోలు, నెల్లూరు. సుమారు 650 కిలోమీటర్లు. రాత్రి ఎనిమిదికి బయల్దేరితే నెల్లూరులో తెల్లారుతుంది. రైలు పార్సిల్‌లో కూడా ఒకసారి పంపాం. ట్యాంకులో చుక్క పెట్రోలు ఉండకూడదు, ఆర్‌సీ జిరాక్సు అడుగుతారు, గోనెసంచులతో ప్యాకింగ్ చేయించాలి. ఫైబర్ ఫెయిరింగ్ (ముందు, పక్కల కప్పే తొడుగు) ఉన్న బండిని మాత్రం రైల్లో వేయొద్దు. దిగేటప్పటికి పగిలే ఉంటుంది.

బండ్ల కొనుగోలు

లోను మీద కొన్న కొత్త బండిని ట్రాకు మీదికి తెచ్చినవాడు నేర్చుకోలేడు. ప్రతి మలుపులోనూ ఈఎంఐ కనబడుతుంది. పైగా మామూలు మోటారు పాలసీ కాగితంలోనే రాసి ఉంటుంది, పోటీలకు, వేగ పరీక్షలకు వాడితే వర్తించదని. ట్రాకు డే రేసు కాదు కదా అని మనం వాదించుకోవచ్చు గానీ, పడ్డ ఖర్చు మనదే అనుకుని దిగడం మంచిది. అందుకే పోయిన ఏడాది సర్వసభ్య సమావేశంలో తీర్మానించాం: నాలుగు పాత బండ్లు కొనాలి, సొంత ట్రాకు బండి లేని సభ్యులకు వంతులవారీగా ఇవ్వాలి, పడితే విడిభాగాల ఖర్చు సగం సభ్యుడిది, సగం సంఘానిది.

మొదట కొన్నవి రెండు యమహా ఆర్15లు, రెండూ వెర్షన్ 2. మూడోది టీవీఎస్ అపాచీ ఆర్ఆర్ 310. నాలుగోది కేటీఎం ఆర్‌సీ 390. ఆర్15లు కొంటున్నప్పుడు కుర్ర సభ్యులు మూతులు ముడిచారు. 17 హార్స్‌పవర్ బండితో ట్రాకేమిటన్నారు. ఏడాది తిరిగేసరికి వంతుల పుస్తకంలో ఎక్కువ పేర్లు ఆర్15 కిందే ఉన్నాయి. నలభై మూడు హార్స్‌పవర్ ఉన్న 390లో మలుపు చెడగొట్టినా స్ట్రెయిట్‌లో యాక్సిలరేటర్ తిప్పి కప్పిపుచ్చుకోవచ్చు. ఆర్15లో కుదరదు. మలుపులో పోగొట్టుకున్న వేగం తర్వాతి మలుపు దాకా తిరిగి రాదు. లివరు విరిగినా, ఫుట్‌రెస్టు వంగినా సామాను ఊళ్లోనే దొరుకుతుంది, మెకానిక్కులందరికీ చెయ్యి తిరిగిన బండి.

సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ మునిగినప్పుడు సింగ్‌నగర్‌లోని మన సభ్యుడి సొంత బండి రోజుల తరబడి నీళ్లలో ఉండిపోయింది. ఇల్లు శుభ్రం చేసుకోవడమే పెద్ద పని అయినప్పుడు బండి మాట ఎవరెత్తుతారు. సంఘం బండి వంతుకు ఆయన దగ్గర ఈ ఏడాది రుసుము తీసుకోలేదు. ఆ బండి విప్పినప్పుడు చూసింది తర్వాత మాకు పనికొచ్చింది. దసరా తర్వాత "సింగిల్ ఓనరు, షోరూం కండిషన్" అంటూ మాకు చూపించిన రెండు బండ్లు అలా నీళ్లు తాగినవే. బయట తళతళ మెరుస్తున్నాయి. ఎయిర్‌ఫిల్టర్ డబ్బా మూత తీస్తే మూలల్లో ఆరిన ఒండ్రు. వైరింగ్ కప్లర్లు లాగితే పిన్నుల మీద పచ్చగా చిలుము. ఇకమీదట బండి చూడ్డానికి వెళ్లేవాళ్లు ఒక స్క్రూడ్రైవరు జేబులో పెట్టుకుని వెళ్లండి. మూత తీయనివ్వను అన్నవాడి దగ్గర టీ తాగి వచ్చేయండి.

ఇక 390 సంగతి. బేరం ఫోన్లోనే అయిపోయినంత పనైంది. పక్క రాష్ట్రం బండి, ఇదివరకే ట్రాకు మీద తిరిగింది, కొత్త రేసు ఫెయిరింగ్, కొత్త బ్రేక్ పైపులు, ఇంజన్ గార్డు. ధర మేమనుకున్నదానికంటే తక్కువ. అక్కడే ఆగాల్సింది. మేం ముగ్గురం వెళ్లేసరికి రాత్రి ఎనిమిదయింది. సెల్లార్లో ట్యూబ్‌లైటు కింద చూశాం. ఇంజన్ మీద చెయ్యి పెడితే వేడిగా ఉంది, మీరొస్తున్నారని ఇప్పుడే ఒక రౌండు తిప్పి తెచ్చానన్నాడు అమ్మేవాడు. చల్లటి ఇంజన్ స్టార్ట్ అయ్యేటప్పుడే దాని అసలు గొంతు వినబడుతుందని నేను పదిమందికి చెప్పినవాణ్ని. అయినా తల ఊపాను. కాగితాలు మాత్రం గట్టిగా చూశాం. వాహన్‌లో, అంటే ప్రభుత్వ వాహన రికార్డులో, ఫైనాన్స్ లేదు, చాసిస్ నంబరు కలిసింది, ఎన్‌వోసీ (అభ్యంతరం లేదనే పత్రం) వచ్చింది, బండి పేరు మార్చే ఫారం 29, 30 మీద సంతకాలు అయ్యాయి. కాగితాలు సరిగ్గా ఉన్నాయి కదా అన్న ధీమాలో ముందు చక్రం లేపి చూడ్డం మరిచాం.

మొదటి ట్రిప్పులోనే బయటపడింది. స్ట్రెయిట్ చివర బ్రేకు పట్టగానే బండి కుడికి లాగుతోంది. మొదట టైరు అనుకున్నాం, గాలి అనుకున్నాం. రెండో సెషన్లో హ్యాండిల్ రెండు చేతుల్లో గిలగిలా కొట్టుకుంది. నడుపుతున్న తమ్ముడు ఎలాగోలా ఆపి, పిట్‌లోకి (ట్రాకు పక్కన బండ్లు ఆపే చోటు) వచ్చి హెల్మెట్ తీయకుండా అయిదు నిమిషాలు అలాగే కూర్చున్నాడు. హైదరాబాదు తెచ్చాక మన మెకానిక్ బండిని స్టాండు మీదికి ఎక్కించి, ముందు చక్రం గాల్లోకి లేపి, హ్యాండిల్‌ను ఒక్క వేలితో మెల్లగా తిప్పమన్నాడు. సరిగ్గా మధ్యకు రాగానే "టక్" అని ఆగింది, గుంతలో పడ్డట్టు. అది కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) అరుగుదల, అది పెద్ద విషయం కాదు. తర్వాత హ్యాండిల్‌ను ఒక పక్కకు పూర్తిగా తిప్పి, అది ఫ్రేముకు తగిలే స్టాపర్ చూపించాడు. ఎడమ స్టాపర్ మామూలుగా ఉంది. కుడిది కొంచెం లావు, దాని మీద పెయింటు మరీ నున్నగా ఉంది. గోరుతో గీకితే వెల్డింగు. బండి ఎప్పుడో గట్టిగా పడి, ఫోర్కు తిరగబడి స్టాపర్‌ను ఊడగొట్టిందన్నమాట. దారం కట్టి రెండు చక్రాలకూ వరస చూస్తే కంటికి తెలిసేంత తేడా.

ఆ ఫ్రేమును సరిచేసి ట్రాకు మీదికి పంపకూడదని కమిటీ నిర్ణయించింది. అమ్మేద్దామన్న మాటా వచ్చింది. ఉన్న లోపం చెప్పి అమ్మితే కొనేవాడు లేడు, చెప్పకుండా అమ్మితే మనమూ ఆ సెల్లార్లో మనిషీ ఒకటే. ఇంజన్, చక్రాలు, బ్రేకులు విప్పి విడిభాగాలుగా ఉంచాం. నష్టంలో మూడో వంతు నేను కట్టాను, మిగతా ఇద్దరూ తలా కొంత ఇస్తామన్నారు, సంఘం వద్దంది. ఫ్రేము షెడ్డులో ఉంది. కొత్త సభ్యులు వచ్చి ఆ స్టాపర్ మీద వేలు పెట్టి చూసుకోవచ్చు.

నేర్చుకున్నది

నలభై ఆరేళ్ల మన సభ్యుడొకాయన, బుల్లెట్ మీద లడఖ్ రెండుసార్లు వెళ్లివచ్చిన మనిషి, మొదటి సెషన్లో ఒకే మలుపులో మూడుసార్లు బయటికి జారి గడ్డి అంచు దాకా వెళ్లారు. మలుపు లోపలి అంచున నారింజ రంగు కోన్ పెట్టి, తిరగడానికి ముందే దాన్ని చూడమని శిక్షకుడు చెప్పాడు. "నేను కోన్ చూస్తూ ఉంటే గడ్డిని ఎవరు చూస్తారు సార్?" అని మనవాడు. "గడ్డిని చూస్తున్నారు కాబట్టే అటు పోతున్నారు" అని శిక్షకుడు. మధ్యాహ్నానికి గడ్డి మీదికి వెళ్లడం ఆగింది. సాయంత్రం సెషన్ తర్వాత మన సభ్యుడు అన్నది, ఇన్నేళ్లూ ఘాట్ రోడ్డులో లారీ కనబడితే లారీనే చూస్తూ నడిపానని.

అందరికీ ఉపయోగపడిన కసరత్తు, తిట్టుకుంటూ చేసిన కసరత్తు ఒకటే: ఒక సెషన్ మొత్తం ఒకే గేరులో, బ్రేకు ముట్టకుండా. బ్రేకు లేకపోతే ఎక్కడ యాక్సిలరేటర్ వదలాలో ముందే లెక్క వేసుకోక తప్పదు. ఎంత తొందరపడి లోపలికి దూరుతున్నామో, ఎంత అనవసరంగా బ్రేకు పట్టుకుంటున్నామో అప్పుడు తెలుస్తుంది. మోకాలు నేలకు ఆనించడం గురించి ఏమీ రాయను. ఫోటోల కోసం పాకులాడిన ముగ్గురిలో ఇద్దరు ఈ ఏడాది పడ్డారు. దెబ్బలు తగల్లేదు, లెదర్ సూట్ అరిగింది, అంతే. పై కోటు, ప్యాంటు విడివిడిగా ఉన్న సూటైతే నడుము చుట్టూ జిప్పు పూర్తిగా కలవాలి. సగం జిప్పు సూటుతో వచ్చిన సభ్యుణ్ని తనిఖీలో ఆపేశారు. ఆయన ఆ రోజంతా లాప్‌లు లెక్కపెడుతూ పిట్‌లో కూర్చున్నారు.

టైర్ల గురించి ఒక్కటి. పక్కన నాలుగు అంకెలు ఉంటాయి, 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైందని. గాట్లు ఎంత లోతుగా ఉన్నా ఆ వయసు టైరుతో రావొద్దు. టైరు చల్లగా ఉన్నప్పుడూ, సెషన్ అవ్వగానే వేడిగా ఉన్నప్పుడూ గాలి ఎంతుందో చూసి రాసుకోండి, ప్రతిసారీ ఒకే గేజ్‌తో. రేడియేటర్‌లో కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) బదులు మామూలు నీళ్లు ఎందుకని అడుగుతున్నారు. పడి పైపు చిట్లితే నీళ్లు ఆరిపోతాయి, కూలెంట్ జారుడుగా ఉండిపోతుంది, వెనక వచ్చేవాడు దాని మీద పడతాడు. ఇంజన్ ఆయిల్ బోల్టుకు తీగ కట్టడం కూడా అందుకే. ఇంటికి వచ్చాక నీళ్లు తీసేసి కూలెంట్ నింపే బాధ్యత చివర నడిపినవాళ్లది. జనవరిలో ఎవరో నింపలేదు. ఎవరో నాకు తెలుసు.

వచ్చే ఏడాదికి

కమిటీ ప్రతిపాదన ఒక్కటే: కొత్తగా బండి కొనొద్దు. ఆ డబ్బుతో రెండు ఆర్15లకూ మంచి టైర్లు, ఒక శిక్షణ ట్రిప్పు ఎక్కువ. 390కి మారు బండి కావాలని కొందరు సంతకాలు చేసి ఇచ్చారు, దాన్ని కూడా ఓటుకు పెడతాం. నా ఓటు టైర్లకే. ఒకవేళ బండికే ఎక్కువ ఓట్లు వస్తే కొనుగోలు కమిటీలో నేను ఉండను. పగలు వెళ్లి చూసే ఓపిక ఉన్న ముగ్గురి పేర్లు ఇవ్వండి.

సర్వసభ్య సమావేశం ఆదివారం పొద్దున పదింటికి, షెడ్డులోనే. టిఫిన్ అక్కడే. జనవరి ట్రిప్పు నుంచి సంఘం టార్క్ రెంచ్ కనబడటం లేదు. ఎవరి డిక్కీలో ఉందో చూసి ఆ రోజు తెచ్చి పెట్టగలరు.

ఇట్లు,
కార్యదర్శి