కొబ్బరి బేరమూ గ్యాసు ఓడలూ

అల్ ఖోర్,
2025 సెప్టెంబరు

ఒరేయ్ శీనూ,

నీ పదకొండు నిమిషాల వాయిస్ మెసేజ్ మూడుసార్లు విన్నానురా. రెండోసారి నవ్వొచ్చింది, మూడోసారి బాధేసింది. ఫిబ్రవరిలో బయానా పుచ్చుకుని తోట మొత్తం నీకే అన్న మనిషి, కొబ్బరి ధర ఇలా ఆకాశానికి వెళ్లగానే కాయంతా ఇంకెవరికో దింపించేసి, నీ బయానాకి పైన పదివేలు కలిపి చేతిలో పెట్టి "పోన్లే శీనయ్యా, నీకూ నష్టం లేదుగా" అన్నాడా! ఆ పైన పదివేలు ఉంది చూడు, దాని గురించే ఈ ఉత్తరం. ఫోన్లో చెప్తే మధ్యలో నువ్వు మాట్లాడనివ్వవు కాబట్టి రాస్తున్నాను.

చివర్లో ఓ మాట విసిరావు. "మీ గ్యాసు వాళ్లకేంట్రా, ఇరవయ్యేళ్లకి సంతకాలు పెట్టుకుని హాయిగా నిద్రపోతారు" అని. నేను మీటర్లూ వాల్వులూ చూసుకునేవాణ్ణే, బేరాలు చేసేవాణ్ణి కాదు. కానీ పదేళ్లుగా ఖతార్‌లో ఈ గ్యాసు ప్లాంట్లుండే రాస్ లఫాన్ గేటు ముందు బస్సు దిగుతున్నవాడికి ఆ బేరాల కబుర్లు చెవిన పడకుండా ఉండవు కదా. నీకు జరిగిందే ఇక్కడా జరుగుతుంది, కాకపోతే కాయల బదులు ఓడలు.

ముందు ఒక చిన్న సంగతి, మా అమ్మకి ఎన్నిసార్లు చెప్పినా ఎక్కదు, నీకైనా ఎక్కుతుందేమో. మన వంటింటి బండలో ఉండేది ఎల్పీజీ. ఇక్కడ ఓడల్లోకి ఎక్కేది ఎల్ఎన్జీ, అంటే భూమిలోంచి వచ్చే సహజవాయువుని మైనస్ 162 డిగ్రీల దాకా చల్లబరిస్తే నీళ్లలా మారి, ఆరు వందల వంతుల చోటు ఒక వంతుకి కుదించుకుపోతుంది. అప్పుడే ఓడలో పట్టేది. అవతలి రేవులో మళ్లీ వేడిచేసి గొట్టాల్లోకి వదులుతారు. మన దేశం వాడే గ్యాసులో దాదాపు సగం ఇలా ఓడల్లో వచ్చేదే, అందులో పెద్ద వాటా ఇక్కడిదే.

ఈ వ్యాపారం మొదట్నించీ నడిచింది ఒకే పద్ధతి మీద. అమ్మేవాడు వేల కోట్లు పోసి ప్లాంటు కట్టాలంటే కొనేవాడు ముందే ఇరవై, పాతికేళ్లకి మాటివ్వాలి. కొన్నా కొనకపోయినా డబ్బు కట్టాలి, దాన్నే టేక్ ఆర్ పే అంటారు. ధర చాలావరకు ముడి చమురు ధరలో ఇంత శాతం అని రాసుకుంటారు. మన దేశానికి ఎల్ఎన్జీ తెప్పించే పెట్రోనెట్ కంపెనీ 1999లో ఖతార్‌తో రాసుకున్నది అలాంటిదే, ఏడాదికి 75 లక్షల టన్నులు, 2004లో గుజరాత్ దహేజ్ రేవుకి మొదటి ఓడ వచ్చింది. ఇది కాక స్పాట్ అని ఉంది, అది అంబాజీపేట మార్కెట్ లాంటిదే, ఆ రోజు ధర ఆ రోజుది. 2020 ఏప్రిల్లో కరోనా దెబ్బకి ఆసియాలో స్పాట్ ధర యూనిట్ (కరెంటు యూనిట్ కాదు, గ్యాసుని కొలిచే లెక్క, ఎంఎంబీటీయూ అంటారు) రెండు డాలర్ల కిందకి దిగిపోయింది. అప్పుడు ప్రతివాడూ మేధావే, ఈ ఇరవయ్యేళ్ల కాగితాలు ఎవడిక్కావాలి, సంతలో కొనుక్కుందాం అన్నారు. నువ్వూ అన్నావు, నాకు గుర్తుంది, మర్చిపోయాననుకోకు.

తర్వాత రెండేళ్లకే ఏమైందో చూడు. రష్యా ఉక్రెయిన్ మీదకి వెళ్లడం, యూరప్‌కి రష్యా గొట్టాల్లో వచ్చే గ్యాసు తగ్గిపోవడం, యూరప్ వాళ్లు డబ్బు మూటలతో సముద్రం మీద పడటం. 2022 మార్చిలో ఆసియా స్పాట్ ధర 80 డాలర్లు దాటింది. రెండెక్కడ, ఎనభై ఎక్కడ! ఓడల్లో వచ్చిన ఎల్ఎన్జీ దించుకునే టెర్మినల్ ఒక్కటి కూడా లేని జర్మనీ విల్‌హెల్మ్స్‌హాఫెన్‌లో రెండు వందల రోజుల్లో తేలే టెర్మినల్‌కి రేవు కట్టేసి డిసెంబరు 17న ప్రారంభించేసింది. మన కాకినాడలో, గంగవరంలో టెర్మినల్ వస్తుందని నేను డిప్లొమా చదివే రోజుల నుంచీ వింటున్నాను, అటు ఎన్నూర్‌లో వచ్చింది, ఇటు ఒడిశా ధామ్రాలో వచ్చింది, మధ్యలో మనకి మాత్రం రాలేదు. సరే, అది వదిలెయ్. యూరప్‌కి వెళ్లిన ఆ ఓడలు గాల్లోంచి పుట్టలేదు కదా, ఎవరో ఒకరి నోటి దగ్గరవే.

పాకిస్తాన్ సంగతి చెప్తా. వాళ్లకి ఇటలీ కంపెనీ ఎనితో 15 ఏళ్ల ఒప్పందం ఉంది, గన్వర్ అనే వ్యాపార సంస్థతో ఐదేళ్ల ఒప్పందం ఉంది. సరిగ్గా ధరలు మండిపోతున్న రోజుల్లో ఇద్దరూ కొన్ని ఓడలు ఎగ్గొట్టారు. ఎని వాళ్లు, మాకు ఇవ్వాల్సినవాడు ఇవ్వలేదు, మేమేం చేస్తాం అన్నారు. ఎగ్గొడితే కట్టాల్సిన జరిమానా ఎంతనుకున్నావు? ఒప్పందం ధరలో 30 శాతం. ఇప్పుడు నీ క్యాలిక్యులేటర్ బయటకి తియ్. ఉదాహరణకే చెప్తున్నా, ఒప్పందం ధర 12 డాలర్లు, బయట 40 అనుకో. జరిమానా మూడు డాలర్ల అరవై సెంట్లు. అది పారేసి బయట అమ్ముకుంటే యూనిట్‌కి ఇరవై నాలుగు డాలర్లు మిగులు. ఒక ఓడలో ముప్పై లక్షల యూనిట్లకి పైనే పడతాయి, అంటే ఒక్క ఓడకి ఏడు కోట్ల డాలర్లు పైమాటే. నీ తోట ఆసామి కలిపిచ్చిన పదివేలు ఇదేరా! ఆయన తప్పు చేశాననుకోవట్లేదు, ఆ కాగితంలో ఉన్న తలుపు తీసుకుని బయటకి నడిచాడంతే.

సరే, పాకిస్తాన్ సంతకి వెళ్లింది. 2022 జులైలో పది ఓడలకి టెండరు పిలిస్తే ఒక్కడంటే ఒక్కడు రాలేదు. చేతిలో డాలర్లు లేవని అందరికీ తెలుసు. దానికి నెల ముందే వాళ్ల ప్లానింగ్ మంత్రి అహ్సాన్ ఇక్బాల్, టీ దిగుమతికి డాలర్లు పోతున్నాయి, రోజుకి ఒకటి రెండు కప్పులు తగ్గించుకోండి అని జనాన్ని అడిగాడు. రోజుకి ఎనిమిది టీలు తాగే నిన్ను అడిగి ఉంటే ఏమనేవాడివో! బంగ్లాదేశ్ అదే జులైలో స్పాట్ కొనడం పూర్తిగా ఆపేసింది, టైమ్ టేబుల్ వేసి మరీ కరెంటు కోతలు పెట్టారు. మా క్యాంపులో పక్క గది వాళ్లంతా సిల్హెట్ వైపు కుర్రాళ్లే, రాత్రి ఇంటికి వీడియో కాల్ చేస్తే అవతల చీకట్లో మొహం కనపడేది కాదు, గొంతు మాత్రమే వినపడేది. ఆ కుర్రాళ్లు పగలంతా చెమటోడ్చేది గ్యాసు చల్లబరిచే చోటే. దీనికి ఏం పేరు పెట్టాలో నాకు తెలీదు.

మనకీ తగిలింది. మన ప్రభుత్వ గ్యాసు కంపెనీ గెయిల్ 2012లో రష్యా గాజ్‌ప్రోమ్ వాళ్ల సింగపూర్ కంపెనీతో ఇరవయ్యేళ్లకి రాసుకుంది, 2018 నుంచి ఓడలు రావడం మొదలైంది. ఆ సింగపూర్ కంపెనీ జర్మనీలో ఉన్న గాజ్‌ప్రోమ్ శాఖ కింద ఉండేది. యుద్ధం వచ్చాక ఆ శాఖని జర్మనీ ప్రభుత్వం తన చేతిలోకి తీసుకుని సెఫే అని పేరు మార్చింది. 2022 వేసవి నుంచి మనకి ఓడలు బంద్. ఆ ఒప్పందంలో జరిమానా 20 శాతమే. మన దేశంలో గెయిల్ ఎరువుల ఫ్యాక్టరీలకి గ్యాసు కోత పెట్టాల్సి వచ్చింది, కోర్టులూ మధ్యవర్తులూ అయ్యాక 2025 జనవరిలో 28.5 కోట్ల డాలర్లకి రాజీ కుదిరింది. గెయిల్ అడిగింది మాత్రం 180 కోట్ల దాకా.

ఇదంతా చదివి "చూశావా, తెల్లోళ్లు ఎంత మోసగాళ్లో" అని రచ్చబండ దగ్గర మొదలెట్టకు. మనమేం తక్కువ తిన్నామా? 2015లో స్పాట్ ధర ఖతార్ ధరలో దాదాపు సగానికి పడిపోతే, మన పెట్రోనెట్ తీసుకోవాల్సిన 75 లక్షల టన్నుల్లో మూడింట రెండొంతులే తీసుకుంది, మిగతాది బయట చవగ్గా కొనుక్కుంది. టేక్ ఆర్ పే ప్రకారం కట్టాల్సిన జరిమానా 12 వేల కోట్ల రూపాయలు. కట్టామా? లేదు. ఖతార్ వాళ్లే ఆ జరిమానా వదిలేసి, ధరా తగ్గించి, వదిలేసిన సరుకు తర్వాత తీసుకుంటామన్న మాట మీద, ఇంకో పది లక్షల టన్నులు అదనంగా అంటగట్టి కొత్త కాగితం రాసుకున్నారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ అని మళ్లీ మనవాళ్లు మాకు వద్దని నోటీసులు పంపారు. అయినా 2022లో, మిగతావాళ్లు ఎగ్గొడుతున్నప్పుడు, ఇక్కడి నుంచి దహేజ్‌కి వెళ్లాల్సిన ఓడలు వెళ్తూనే ఉన్నాయి, కరాచీకీ వెళ్లాయి.

ఎందుకంటావ్? ధర్మాత్ములని కాదు. ఒక ఓడ ఎగ్గొట్టి డబ్బు చేసుకోవడం వ్యాపారికి సులువు, వాడికి సొంత బావి ఉండదు, రేపు ఇంకో ఊళ్లో ఇంకో దుకాణం. ఖతార్‌కి మాత్రం కదలని బావీ, కదలని ప్లాంటూ, ఇంకో యాభై ఏళ్లు అమ్మాల్సిన సరుకూ ఉన్నాయి, పక్కనే కొనేవాడు నూట నలభై కోట్ల జనంతో ఉన్నాడు. 2024 ఫిబ్రవరిలో అదే ఒప్పందాన్ని 2028 తర్వాత ఇంకో ఇరవయ్యేళ్లకి పొడిగించారు. నా లెక్కలో కాగితం కన్నా అవతలివాడు రేపు నీ మొహం చూడాలా వద్దా అన్నదే ఎక్కువ పనిచేస్తుంది. నీ తోట ఆసామి ఊరు మారిపోతున్నాడని విన్నాను, నిజమేనా? అయితే అర్థమైపోయినట్టే.

సొంత గ్యాసు ఉంటే ఈ గొడవంతా ఎందుకు అంటావేమో. మనకంటే బాగా తెలిసినవాడెవడు? 1995లో పాశర్లపూడి బావి 65 రోజులు మండితే రాత్రిళ్లు ఆకాశం ఎర్రగా ఉండేది, గుర్తుందా, మీ నాన్నగారు మనల్ని సైకిల్ మీద తీసుకెళ్తానని తీసుకెళ్లలేదు. తర్వాత కాకినాడ దగ్గర సముద్రంలో డీ6 అనే గ్యాసు క్షేత్రం. 2009 ఏప్రిల్లో గ్యాసు మొదలైంది, మరుసటేడాదికి రోజుకి ఆరు కోట్ల ఘనపు మీటర్లు, దాన్ని నమ్ముకుని జిల్లాలో ప్లాంట్ల మీద ప్లాంట్లు. నాలుగేళ్లు తిరిగేసరికి అది నాలుగో వంతుకి పడిపోయింది. మా బావ పనిచేసిన ప్లాంటు, పేరెందుకులే, కొత్త టర్బైన్లకి కవర్లు కప్పి కూర్చుంది, జీతాలు మొదట సగం, తర్వాత అసలు లేవు. ఎల్ఎన్జీ తెచ్చి నడపొచ్చు కదా అంటే, ఆ ధరకి గ్యాసు కొని కరెంటు చేస్తే కొనేవాడు లేడు. 2020 చివర్లో కొత్త బావులు తెరిచాక సముద్రంలో గ్యాసు కొంత పుంజుకుంది కానీ బావ ఈలోపు ఆక్వా చెరువుల్లోకి దిగిపోయాడు.

దాచుకుందామంటే కుదరదు, అది ఇంకో తలనొప్పి. విశాఖలో కొండ లోపల గుహల్లో 13 లక్షల టన్నుల ముడి చమురు దాచే చోటుంది. ఎల్ఎన్జీ అలా కాదు, ఎంత మంచి ట్యాంకైనా కొంచెం కొంచెం ఆవిరైపోతూనే ఉంటుంది, టెర్మినళ్లలో ఉండే నిల్వ రోజుల లెక్కే. ఆ గ్యాసులో పెద్ద వాటా వెళ్లేది యూరియాకి. ఈ ఖరీఫ్‌లో తెలంగాణలో రైతులు చెప్పులు వరసలో పెట్టి నిలబడ్డారని టీవీలో చూశాను. దానికి కారణాలు చాలా ఉన్నాయి, గ్యాసు మీదకి నెట్టను. కానీ 45 కిలోల బస్తా 266 రూపాయల యాభై పైసలకి వస్తోందంటే, దాని వెనక ఈ ఓడల బిల్లు ప్రభుత్వం కడుతోందని మీ తమ్ముడికి చెప్పు.

ఇక్కడ బయల్దేరిన ప్రతి ఓడా హోర్ముజ్ జలసంధి దాటాల్సిందే, వేరే దారి లేదు. ప్రపంచంలో ఓడలెక్కే గ్యాసులో ఐదో వంతు ఆ సందులోంచే. జూన్ 23 రాత్రి ఇరాన్ క్షిపణులు ఇక్కడి అమెరికా వైమానిక స్థావరం అల్ ఉదెయ్ద్ మీదకి వచ్చినప్పుడు నువ్వు పదహారు సార్లు ఫోన్ చేశావు, నేను ఎత్తలేదు. డాబా మీద నిలబడి ఉన్నాన్రా. ఆకాశంలో మెరుపులు చూస్తుంటే పాశర్లపూడి గుర్తొచ్చింది, నిజం. మర్నాడు పొద్దున్నే ఐదున్నరకి బస్సు వచ్చేసింది, ఎక్కాం.

సంక్రాంతికి సెలవు ఖాయమైంది, పదో తారీఖుకి దిగుతాను. నాకు పాతకాయ ఓ యాభై పక్కన పెట్టు, అమ్మ కురిడీకి అడుగుతోంది, మార్కెట్ ధరే ఇస్తాను, తగ్గించమని అడగను. వచ్చే ఏడాదికి కొత్త తోట మాట్లాడుతున్నానన్నావు కదా, బయానా ఇచ్చే ముందు ఆ కాగితం ఫోటో తీసి పంపు. తప్పితే ఎంత కట్టాలని రాశావో ముందు అదే చూస్తాను.

నీ
రాంబాబు