నీడ తిరిగి ఇవ్వండి: నగర కమిషనర్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కమిషనర్ గారికి,

నమస్కారం. మీ కార్యాలయానికి మూడు వినతిపత్రాలు ఇచ్చాను. అందినట్టు ముద్ర వేసిన నకళ్లు నా దగ్గర ఉన్నాయి, జవాబు మాత్రం లేదు. అందుకే ఈ లేఖను నలుగురి ముందు పెడుతున్నాను.

మా రోడ్డు విస్తరణ కోసం ఒక వైపు చెట్లన్నీ నరికించారు. బదులుగా నగరం వెలుపల మొక్కలు నాటుతామని బోర్డు పెట్టారు. అక్కడి మొక్క ఇక్కడ బస్సు కోసం నిలబడిన వృద్ధురాలికి నీడ ఇవ్వదు కదా! చెట్టు నీడతోనే కాదు, ఆకులు విడిచే నీటి ఆవిరితోనూ గాలిని చల్లబరుస్తుంది. తారు, కాంక్రీటు పగలు దాచుకున్న వేడిని రాత్రి వదులుతాయి. మా అమ్మగారు అర్ధరాత్రి దాటాక కూడా నిద్ర పట్టక కిటికీ దగ్గరే కూర్చుంటున్నారు.

విస్తరణతో రద్దీ తగ్గుతుందన్నారు. నాకూ స్కూటరు ఉంది, వాహనాలపై పగ లేదు. కానీ ఖాళీ దొరికిన కొద్దీ వాహనాలు పెరగడం ఎన్నో నగరాలు చూసినదే. సియోల్ నగరం ఒక వాగుపై కట్టిన ఎత్తైన రహదారిని కూల్చివేసి, 2005లో ఆ వాగును ప్రజలకు తిరిగి అప్పగించింది.

గాలిలో సూక్ష్మ ధూళి (పీఎం 2.5 అనే అతి సన్నని కణాలు) ఏడాది సగటు ఘనపు మీటరుకు 5 మైక్రోగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించింది. మా రోడ్డుపై దాన్ని కొలిచే పరికరమే లేదు.

రెండో వైపు చెట్ల నరికివేతను వెంటనే ఆపించండి. పోయిన చెట్లకు బదులు ఇదే రోడ్డులో నాటించండి, నడవడానికి కాలిబాట వేయించండి. 30 రోజుల్లో లిఖితపూర్వకంగా జవాబివ్వాలని కోరుతున్నాను.

భవదీయుడు,
ఈ నగర పౌరుడు